హారన్ మోగని శుక్రవారం

మా ఆర్డిస్ పిన్ని తన నీడను కూడా నమ్మేది కాదు. చర్చిలో యాపిల్ పై అనే తీపి రొట్టె పంచితే తనకే చిన్న ముక్క పెట్టారనేది. డాక్టరు మందు రాసిస్తే ఇంకో డాక్టరుకు చూపించేది. బడి వంటగదిలో ఏళ్ల తరబడి పనిచేసి, అమెరికాలో అయోవా రాష్ట్రంలోని మా ఊళ్లో ఒక్క పిల్లవాడి మాటా నమ్మకుండానే రిటైరైంది.

ఆమె నమ్మిందల్లా పార్కులోని బ్యాండ్ షెల్‌నే. సగానికి కోసిన గుమ్మటంలా ఉండే ఆ కాంక్రీటు వేదికను, పనుల్లేని రోజుల్లో మగవాళ్లకు కూలిచ్చి ప్రభుత్వం కట్టించింది. సిమెంటు కలిపినవాళ్లలో మా తాతయ్య ఒకడు. వేసవిలో ప్రతి శుక్రవారం సాయంత్రం ఊరి బ్యాండు అక్కడే వాయించేది. పిన్నిది పెద్ద బాకా, నాది క్లారినెట్. జనం పార్కు చుట్టూ కార్లు నిలుపుకుని, వాటిలోనే కూర్చుని వినేవాళ్లు. పాట నచ్చితే చప్పట్లుండవు, హారన్లే. బాగా నచ్చిందంటే ఊరు దద్దరిల్లాల్సిందే.

ఒక ఏడాది ఆ గుమ్మటం పగుళ్లిచ్చింది. పాత కట్టడాలకు సాయం చేసే ఒక సంస్థకు మున్సిపాలిటీ అర్జీ పెట్టింది. సాయం అందకపోతే కూల్చేయడమేనని తేల్చి చెప్పింది. పిన్నికి నిద్ర పట్టేది కాదు. పార్కు పక్కన కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లవాళ్లు హారన్ల గోల భరించలేమంటూ ఫిర్యాదులు చేస్తున్నారు మరి.

జూలైలో ఒక శుక్రవారం, వేరే జిల్లా నంబరు ప్లేటుతో బూడిదరంగు కారొకటి వచ్చి ఆగింది. లోపల ఒక్కడే మనిషి, ఒళ్లో రికార్డర్.

"ఒరే మెర్ల్, వీడు గోలకి సాక్ష్యం పట్టుకుపోడానికొచ్చాడ్రా. ఆ హారన్లు వాడికి చిక్కాయో, మన కొంప మునిగినట్టే" అంది పిన్ని.

ఎవరింటికో వచ్చిన చుట్టమై ఉంటాడులే అన్నాను. చుట్టమైతే కారు దిగి ఐస్‌క్రీమ్ కొనుక్కునేవాడు కాడా అని నా నోరు మూయించింది. బాకా కుర్చీలో పడేసి, ప్రతి కారు దగ్గరికీ వెళ్లి, ఇవాళ ఎవరూ హారన్ ముట్టుకోవద్దని చెప్పి వచ్చింది. చిన్నప్పుడు ఆమె చేతి తిండి తిన్నవాళ్లే అందరూ, ఎదురు చెప్పేదెవరు?

ఆ సాయంత్రం మేం ప్రాణం పెట్టి వాయించాం. ఒక్క హారన్ మోగలేదు. ఆఖరి పాటయ్యాక కూడా అతను చాలాసేపు కూర్చుని, తర్వాత కారు తిప్పుకుని వెళ్లిపోయాడు. పిన్ని యుద్ధం గెలిచినట్టు నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

ఆగస్టులో సంస్థ జవాబొచ్చింది. ఈ షెల్ మీద ఊరివాళ్లకు మమకారం మిగల్లేదట, అందుకని సాయం లేదట. మున్సిపాలిటీ కూల్చివేతకు రోజు పెట్టేసింది. పిన్ని మండిపడి ఆ సంస్థకు ఫోను చేసింది, నేనూ వినేలా స్పీకరు పెట్టి. మాట్లాడింది ఆ బూడిదరంగు కారు మనిషే. మర్యాదగానే మాట్లాడాడు. మీ ఊరి హారన్ల గురించి ఎంతో విన్నానని, మా కమిటీవాళ్లకు వినిపించాలనే రికార్డర్ తెచ్చానని చెప్పాడు.

"ఒక్కటైనా మోగుతుందేమోనని చివరిదాకా చూశానమ్మా. ఇప్పుడిక నా చేతుల్లో లేదు."

పిన్ని ఫోను పెట్టేసింది. నాకు ఒళ్లు మండిపోయింది, పిన్నిని నాలుగు మాటలతో దులిపేద్దామనుకున్నాను. తీరా ఆమె ముఖం చూశాక మాట మార్చాను.

"వాడు అబద్ధమాడుతున్నాడేమో పిన్నీ. ఆ అపార్ట్‌మెంట్లవాళ్లతో కుమ్మక్కయ్యాడేమో" అన్నాను. అవునంటే బాగుండుననిపించింది.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"లేదురా. ఆయన నిజమే చెప్తున్నాడు."