సుడి తిప్పి తెచ్చింది

పోయిన వారం సెలవుపై మా ఊరు బీదర్ వెళ్లినప్పుడు, గాంధీ గంజ్ మార్కెట్‌లో లారీ మీంచి దించుతుండగా ఒక పసుపు బస్తా పిగిలిపోయింది. ఆ వాసన ముక్కుకు తగలగానే నా అరచేతులు చల్లబడ్డాయి. నర్సమ్మ మేడం గుర్తొచ్చారు.

మేడం మాకు బీదర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. చింతకి అనే పల్లెలో రైతు ఇంట పుట్టి, కొన్నేళ్లు సముద్ర పరిశోధన చేసే ఓడలో, ఆమె మాటల్లో జహాజులో, పనిచేసి, ఉన్నట్టుండి అది మానేసి వచ్చారు. ఎందుకో ఎవరికీ తెలియదు. సముద్రమే చూడని మాకు ఒక మధ్యాహ్నం ల్యాబ్‌లో సుడిగుండం చూపించారు. వెడల్పాటి గిన్నెలో గోరువెచ్చని నీళ్లు, అడుగున పసుపు కలిపిన ఉప్పటి ఐసు నీళ్లు. మెల్లగా తిప్పుతుంటే నడుమ నుంచి పచ్చటి నీరు తీగలా పైకి లేచింది.

"చెయ్యి పెట్టు బిడ్డా," అన్నారు. అంచున వెచ్చగా, నడుమ చల్లగా ఉంది.

"సుడి అంటే నీళ్లు ఊకె తిరుగుడు కాదు. గిసొంటి సుడి కిందికెల్లి సల్లటి ఉప్పునీళ్లను మీదికి గుంజుతది. నీళ్లు సల్లవడితె మీది గాలి గూడ సల్లవడి చెమ్మగిల్లుతది. ఒక్కోపారి మంచు కమ్ముతది. అప్పుడు జహాజు మీద నిలవడితె నీ ఊపిరి నీకే ఇనవడతది."

"భయమైతదా మేడం?"

నీళ్ల తిరుగుడు కనపడేందుకు గిన్నెలో వేసిన అగ్గిపుల్ల ఒకటి గుండ్రంగా తిరిగి వచ్చి ఆమె వేలికి తగిలింది. కాలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నారు. అందరూ వెళ్లాక, నన్నొక్కదాన్నే కూర్చోబెట్టి చెప్పారు. మంచులో పరికరం దించుతూ తోటి ఉద్యోగి ఒకడు సముద్రంలో పడిపోయాడట. గాలి వీచే దిక్కుకే ఓడ కప్తాను వెతికించాడు. కానీ అక్కడ నీళ్లు గుండ్రంగా తిరుగుతున్నాయని, పడ్డవాడు ఆ చుట్టులోనే ఉంటాడని మేడం రాసిన లెక్కల్లో ఉంది.

"కప్తానుకు నాకంటె ఎక్కువ ఎరుకనే గద అనుకున్న. నోరు తెరవలే. నాలుగో పొద్దు ఆడు పడ్డ జాగకే తిరిగొచ్చినం. మంచులకెల్లి ఆని లైఫ్ జాకెట్ నిమ్మలంగ వచ్చి జహాజుకు ఆనుకుంది. పట్టీలు పెట్టినయి పెట్టినట్టే ఉన్నయి. లోపల మనిషి లేడు."

నేనిప్పుడు తీరంలో, తప్పిపోయిన పడవలు ఎటు కొట్టుకుపోతాయో లెక్కగట్టే ఆఫీసులో పనిచేస్తున్నాను. కొన్నేళ్ల క్రితం ముగ్గురు జాలరుల పడవ మునిగింది. అధికారులు గాలి దిక్కుకు బోట్లు పంపారు. నా కంప్యూటర్ తెరమీద, పడవ మునిగిన చోటే, చల్లటి నీళ్ల సుడి ఒకటి వలయంలా కనిపిస్తోంది. అందరికంటే చిన్న ఉద్యోగిని. వాళ్లకు నాకంటే ఎక్కువ తెలుసు కదా అని లెక్కను మళ్లీ మళ్లీ చూసుకుంటూ కూర్చున్నాను. చివరికి లేచి, "సార్, వాళ్లు అటు పోలేదు, ఈ చుట్టులోనే తిరుగుతున్నారు," అన్నాను. ఒక బోటును మళ్లించారు. మర్నాడు ఇద్దరు ప్రాణాలతో దొరికారు.

మేడంకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"మూడో ఆయన?"

"దొరకలే మేడం."

"నువ్వు చెప్పినవ్ గద?"

"చెప్పిన."

"ఎంతసేపటికి?"

"అరగంటకు."

అటువైపు ఆమె ఊపిరి వినిపించింది.

మేడం పోయి ఏడాదైంది. ఆ అరగంట నా దగ్గరే ఉంది. ఇప్పుడు ఎవరైనా తప్పిపోయారని కబురొస్తే, ఎదుట ఎంత పెద్ద అధికారి ఉన్నా, కుర్చీలో కూర్చోకముందే మాట్లాడతాను.