పిన్నిగారి కారులో ఎర్రలైటు

పక్కింటి పిన్నిగారు పోయారని అత్తిలిలో పెళ్ళిభోజనానికి కూర్చోబోతుండగా ఫోనొచ్చింది. నిద్రలోనే పోయారట. "అదృష్టవంతురాలు" అన్నారు పక్కనున్నవాళ్ళు. ఆవిడ అదృష్టం ఏపాటిదో నాకు తెలుసు. అందుకే మీకు చెబుతున్నాను.

మా గుండుగొలనులో కారు నడిపే పెద్దావిడ ఆవిడొక్కరే. బాబాయిగారు కొల్లేరు చెరువుల నుంచి చేపల లారీలు తిప్పిన రోజుల్లో రిపేర్లన్నీ వాళ్ళ వాకిట్లోనే జరిగేవి. అవి చూసి చూసి పిన్నిగారూ పని నేర్చుకున్నారు. ఆయన పోయాక పాత తెల్లకారు స్టీరింగు ఆవిడే పట్టారు. కొంగు బిగించి, కళ్ళజోడు తుడుచుకుని, హారను ఒకసారి కొట్టి చూసుకున్నాకే బయల్దేరేవారు.

కిందటేడు ఆ కారు పొద్దున్నే మొరాయించడం మొదలుపెట్టింది. మెకానిక్ కొత్త బ్యాటరీ వేస్తే అదీ అంతే. ఏలూరులో ఉండే కొడుకు, "కారు ముసలిదైపోయిందమ్మా, నువ్వూనూ. అమ్మేద్దాం" అన్నాడు. ఆవిడకి పౌరుషం పొడుచుకొచ్చింది. కారు పోతే గుమ్మం దాటడానికి కూడా ఇంకొకళ్ళని బతిమాలుకోవాలి.

"బ్యాటరీని తిట్టకూడదమ్మా. దాని కరెంటు దొంగచాటుగా తాగుతున్నదెవరో చూడాలి" అంటూ బానెట్ ఎత్తి, బ్యాటరీ తీగ ఒకటి ఊడదీసి, మధ్యలో చిన్న బల్బు కట్టారు. కారు ఆపేసి ఉన్నా అది మసగ్గా వెలుగుతోంది. నన్ను దాన్ని చూస్తుండమని ఫ్యూజులు ఒక్కొక్కటే పీకారు.

"ఆరిందా?"

"లేదండీ."

"ఇప్పుడు?"

"ఆరిందండీ పిన్నిగారూ!"

ఆ ఫ్యూజు తీగ వెంట వెతికితే స్టీరింగు కింద అగ్గిపెట్టెంత నల్లడబ్బా దొరికింది. దాని మీద ఎర్రలైటు వెలిగి ఆరుతోంది. కారు ఎక్కడుందో ఫోనులో చూపించే ట్రాకరు. సర్వీసింగుకని తీసుకెళ్ళినప్పుడు కొడుకే పెట్టించాడు. అడిగితే "నీ క్షేమం కోసమేనమ్మా" అన్నాడు. దొంగని తనే దాచిపెట్టి, కారుని ముసలిదన్నాడు! నాకు ఒళ్ళు మండింది.

"పీకి పారెయ్యండి" అన్నాను.

ఆవిడ ఫ్యూజు మళ్ళీ పెట్టేశారు. డబ్బాని మాత్రం దాచకుండా స్టీరింగు కిందే వేలాడనిచ్చారు. "ఉండనియ్యమ్మా. ఫోను ఎలాగూ చెయ్యడు. దీన్నయినా చూస్తాడేమో."

అప్పటినుంచి ఇంటికి రాగానే బ్యాటరీ తీగ ఊడదీయడం, పొద్దున్నే తగిలించడం ఆవిడకి అలవాటైంది. ఆదివారాలు ఏలూరు వెళ్ళేవారు. ఒకసారి నేనూ వెళ్ళాను. కొడుకు ఇంటి ఎదురుగా కారు ఆపి కూర్చున్నారు.

"లోపలికి వెళ్దామా అండీ?"

"పిలవకుండా ఎలాగమ్మా? వచ్చానని వాడికి తెలుస్తుందిగా."

ఎవరూ రాలేదు. వాడికిష్టమని పెట్టిన రొయ్యల పచ్చడి సీసా మాతోనే తిరిగొచ్చింది. దాన్ని మా ఇంట్లో ఇచ్చేశారు.

పెద్దకర్మ నాడు కొడుకు నన్ను పక్కకి పిలిచాడు. "ఆదివారాలు అమ్మ మా వీధిలో ఎందుకు ఆగేదండీ? ఫోనులో చూసేవాణ్ణి. కారు విషయం మీద గొడవకొచ్చిందేమోనని కిందకి దిగలేదు."

"మీకు కనపడాలనండీ" అన్నాను. ఇంకొక్క క్షణం ఉంటే నోరు జారేదాన్ని, వచ్చేశాను.

ఆ పొద్దున వంటవాళ్ళ సామాను దింపడానికి కారు పక్కకి జరపాలని ఎవరో బ్యాటరీ తీగ తగిలించారు. మళ్ళీ ఊడదీసినవాళ్ళు లేరు. సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక చూస్తే, ఖాళీ వాకిట్లో ఆ కారు, స్టీరింగు కింద ఎర్రలైటు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. బ్యాటరీ అయిపోయేదాకా అది కొడుకు ఫోనుకి చెబుతూనే ఉంటుంది, అమ్మ ఇంట్లోనే ఉందని.