తొలి బ్రేకు

"సల్లగున్నప్పుడు పట్టుతాయా?" బ్రేక్ ప్యాడ్లు ఎవరు చూపించినా మా బావ అడిగే మాట అదొక్కటే.

బావంటే మా అక్క భర్త. పోర్టులో క్రేన్ నడిపేవాడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారు ఒకటి పాతది కొన్నాడు. దానికి కంపెనీ ప్యాడ్లు దొరక్క, బయటి రకాల కోసం వన్‌టౌన్ దుకాణాలన్నీ తిరిగాం. ఒక సాయిబుగారు రేసు ప్యాడ్లు తీసి బల్ల మీద పెట్టారు.

"వేడెక్కినాయంటే గోడ కట్టినట్టు ఆపేస్తాయి భాయ్."

"సల్లగున్నప్పుడో?"

"మొదట్లో కాస్త జారతాది. రేసులో అదెవడు సూస్తాడు?"

బావ వాటిని వెనక్కి నెట్టేసి మామూలు ప్యాడ్లు తీసుకున్నాడు. అంతటి కారుకి ఇవా అని నాకు ఉసూరుమనిపించింది.

అవి వేయించి, భీమిలి దగ్గర సముద్రం ఒడ్డునే ఉన్న బావ వాళ్ల ఊరికి వెళ్లాం. మర్నాడు పొద్దున్నే, మంచులో తడిసిన కారులో తిరిగి బయల్దేరాం. ఊరు దాటకముందే ఒక పడవ ఒడ్డుకు తగిలింది. ముందు చేరినవాళ్లకే మంచి చేప. ఖాళీ గంపతో ఒకామె రోడ్డుకి అడ్డంగా పరుగెత్తింది. ఆ ఉదయం బావ బ్రేకు తొక్కడం అదే మొదలు. ఆమె కుచ్చెళ్లకి జానెడు దూరంలో కారు నిలబడిపోయింది.

ఆమె తల తిప్పనైనా లేదు. గంప ఊపుకుంటూ ఇసుకలోకి దిగిపోయింది. బావ ఆమె వెళ్లిన వైపే చూస్తూ అన్నాడు:

"మాయమ్మ కూడా ఇంతేరా. పడవ కనబడితే ఇంక రోడ్డు కనబడేది కాదు."