మల్లేశం కాక చెట్టెక్కిన ఆదివారం

ఇది ఒక వీరగాథ. ఇందులో మబ్బులను తాకే ఎత్తు ఉంది, ముంచుకొచ్చే గడువు ఉంది, జిల్లా దాటి చేసిన దండయాత్ర ఉంది. కాకపోతే ఆ ఎత్తు కంప్యూటర్లో ఉంది, గడువు సోమవారం, దండయాత్ర సిరిసిల్ల బస్సులో సీటు దొరకక నిలబడి చేసింది. వీరుడి కోసం చివరిదాకా వెతికాను, కనబడలేదు.

2024, దసరా వెళ్ళిన వారం. కోరుట్ల బస్టాండుకు కాస్త అవతల నాకో కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. 'ఆన్ అయితలేదు' అంటూ వచ్చే వాటిలో చాలా మటుకు ప్లగ్గు పెడితే ఆన్ అవుతాయి. అలాంటి ప్రశాంత జీవితంలోకి మేడిపల్లి నుంచి రమ్య ఆటోలో దిగింది. జగిత్యాలలో ఇంజనీరింగ్ ఆఖరు సంవత్సరం. వెనకాల సీపీయూ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని వాళ్ళ నాన్న మల్లేశం కాక.

కాకది గీత పని, అంటే తాటిచెట్లెక్కి కల్లు తీయడం. రెండేళ్ళ కింద తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు. తుంటిలో రాడ్డు వేసి, ఇక చెట్టు పేరెత్తొద్దన్నారు డాక్టర్లు. రమ్య తన ప్రాజెక్టుగా వాళ్ళ తాటివనాన్నే కంప్యూటర్లో కట్టింది. వీఆర్ హెడ్‌సెట్, అంటే కళ్ళకు కట్టుకునే తెర, పెట్టుకుంటే కుర్చీలో కూర్చునే చెట్టెక్కొచ్చు. హెడ్‌సెట్ కాలేజీది. సోమవారం తిరిగి ఇచ్చేయాలి.

"అన్నా, సోమారం లోపట బాపు ఒక్కసారి చెట్టెక్కాలె. గంతే. మల్ల గీ హెడ్‌సెట్ నా చేతికియ్యరు" అంది రమ్య.

"నేనడిగిన్నా? దీనికే ఆరాటం ఎక్కువైంది" అన్నాడు కాక. అడగకుండానే డబ్బాను మేడిపల్లి నుంచి ఒళ్ళో మోసుకొచ్చిన మనిషి.

సమస్య ఇది. హెడ్‌సెట్ తగిలిస్తే కంప్యూటర్ దాన్ని గుర్తుపడుతుంది, కానీ తెర మీద చీకటి. 'డిస్‌ప్లే కేబుల్ కనెక్ట్ కాలేదు' అని సందేశం. కేబుల్ చక్కగా కనెక్టయ్యే ఉంది. అది గ్రాఫిక్స్ కార్డుకే పెట్టారా అని ముందు చూశాను. గ్రాఫిక్స్ కార్డంటే బొమ్మ గీసే పనంతా చేసే భాగం. కొందరు కేబుల్‌ను దాని పక్కనే ఉన్న మదర్‌బోర్డుకు పెట్టి నన్ను తిడతారు. రమ్య సరిగ్గానే పెట్టింది. ఈ కార్డుకు బయటికి రెండే దార్లు. హెచ్‌డీఎంఐ అనే దానికి మానిటర్, డిస్‌ప్లేపోర్ట్ అనే దానికి హెడ్‌సెట్. మానిటర్ మీద బొమ్మ నిక్షేపంగా వస్తోంది. డ్రైవర్ తీసేసి కొత్తది ఎక్కించాను. డ్రైవరంటే కార్డుకూ కంప్యూటర్‌కూ మధ్య దుబాసీ. కార్డు బయటికి తీసి, దులిపి, మళ్ళీ పెట్టాను. చీకటి అలాగే ఉంది.

కార్డు మీద అక్కడక్కడా కుంకుమ కనిపించింది. పట్టించుకోలేదు. దసరా వెళ్ళాక మా వైపు బొట్టులేని యంత్రం ఉండదు. నా స్క్రూడ్రైవర్‌కూ ఉంది.

సిరిసిల్లలో శ్రీను అని నా దోస్తు, కంప్యూటర్ మీద చీరల అంచులకు డిజైన్లు గీస్తాడు. వాడి దగ్గర పెద్ద కార్డు ఉంది. శనివారం హెడ్‌సెట్‌నూ పెన్‌డ్రైవ్‌లో తాటివనాన్నీ పట్టుకుని వెళ్ళాను. తగిలించిన నిమిషానికి శ్రీను తాటిచెట్టు మీద ఉన్నాడు.

"అరేయ్, కిందికెట్ల దిగుడురా!" అని కుర్చీ పట్టుకుని అరిచాడు.

"దునుకు" అన్నాను.

కార్డు అడిగితే, అర్జంటు ఆర్డరుంది, ఇవ్వనన్నాడు. కాకనే ఇక్కడికి తీసుకొద్దామనుకున్నాను. శ్రీను గది మూడో అంతస్తు, ఇనుప మెట్లు, లిఫ్టు లేదు. చెట్టెక్కడానికి ముందు మెట్లెక్కాలి. ఆ ఆలోచన అక్కడే దిగిపోయింది.

ఆదివారం పొద్దున తీర్పు చెప్పాను. "హెడ్‌సెట్ మంచిగున్నది, ప్రోగ్రాం మంచిగున్నది. కార్డే దీనికి కుదురుతలేదు. కంపాటిబిలిటీ ప్రాబ్లం. కొత్తది హైదరాబాద్‌కెల్లి రావాలె, నాలుగు రోజులు."

డాక్టర్లకు ఉండే గంభీరమైన గొంతు ఒకటి నాకూ ఉంది. అది వాడాను. రమ్య హెడ్‌సెట్ కేబుల్‌ను మెల్లగా చుట్టడం మొదలుపెట్టింది. కాక మాత్రం కార్డు వైపు చూస్తూ నొచ్చుకున్నాడు.

"గట్లెట్ల చెడిపోతది తమ్మీ? మొన్న దసరకు దానికి సూత మంచిగ బొట్టు పెడితిని."

"డబ్బకు పెట్టినవా కాకా?"

"డబ్బకెందుకు పెడత? గిండ్ల అసలు పని చేసేది ఏందే అని బిడ్డనడిగిన. ఎన్క దిక్కు గా కార్డు పట్టీ చూపెట్టింది. మేం కత్తికి గట్లనే పెడతం. పట్టుకునే కాడ గాదు, కోసే కాడ."

"పట్టీ మీద ఏడ?"

"ఒక తొర్రల వైరున్నది. ఇంకోటి ఖాళీగ ఉండె. గండ్ల పెట్టిన. పసుపు, కుంకుమ, తడిపి."

వైరున్నది హెచ్‌డీఎంఐ. అప్పుడు ఖాళీగా ఉన్నది హెడ్‌సెట్ పెట్టే డిస్‌ప్లేపోర్ట్.

టార్చి వేసి చూశాను. లోపల బంగారు రంగు పిన్నుల మీద పసుపు గారలా ఎండిపోయి ఉంది. శ్రీను దగ్గర పనిచేసింది పెద్ద కార్డు కావడం వల్ల కాదు, దాని తొర్ర శుభ్రంగా ఉండడం వల్ల. నేను మాత్రం రెండు జిల్లాలు తిరిగి కంపాటిబిలిటీ అనే మాట కనిపెట్టాను.

"బాపూ!" అంది రమ్య.

"నాకేం ఎర్కనే? నువ్వే జూపెడితివి!"

కరెంటు తీసేసి, మెత్తని బ్రష్షును స్పిరిట్‌లో ముంచి అరగంట తోమాను. పూర్తిగా ఆరనిచ్చి, తగిలించాను. తెర వెలిగింది.

కాక తలకు హెడ్‌సెట్ కట్టింది రమ్యే. చేతుల్లో రెండు కంట్రోలర్లు. ఆయన చేతులు ముందుకు చాచి, గుంజి, చాచి, గుంజి, మా షాపు గాలిలో పైకెక్కాడు. పైకి చేరాక ఆగిపోయాడు. తల ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. రమ్య నా వైపు చూసింది. నేను ప్రింటర్ వైపు చూశాను.

"బిడ్డా."

"ఆఁ బాపూ."

"గీ చెట్టుకు లొట్టి గట్టలేదేందే? కల్లు దేంట్ల వడ్తది, నీ కంప్యూటర్లనా?"

రమ్య నవ్వి కళ్ళు తుడుచుకుంది. కాక మరో ఇరవై నిమిషాలు దిగలేదు. మోకు కట్టిన తీరు తప్పన్నాడు, కమ్మలు ఎక్కువయ్యాయన్నాడు, దూరంగా కనబడే చెరువు మాత్రం సరిగ్గా ఉన్న చోటే ఉందన్నాడు. దిగాక కుర్చీలోంచి లేవబోయి, తుంటి గుర్తొచ్చి, మెల్లగా లేచాడు. "మంచిగున్నది" అన్నాడు. అప్పుడే తోమిన తొర్రను ఒకసారి వేలితో తాకబోయాడు. చెయ్యి పట్టుకున్నాను.

ఈ కేసు నేర్పింది ఒకటే. యంత్రాన్ని విప్పే ముందు, ఈ మధ్య దానికి ఎవరు ఏం చేశారో ఇంట్లో అందరినీ అడగాలి. ముఖ్యంగా దాన్ని గౌరవించే వాళ్ళను.

ఇంకొకటి. గ్రాఫిక్స్ కార్డు డబ్బాలో ఖాళీ పోర్టులకు పెట్టుకోమని నల్ల రబ్బరు మూతలు ఇస్తారు. రమ్య వాళ్ళ కార్డుకూ ఇచ్చారు. ఆ కార్డు బిగించిందీ, ఆ మూతలను చెత్తబుట్టలో వేసిందీ నేనే.