బావ బండి తాళం

ఆ ఆదివారం నేను బావ బండి వెనక కూర్చున్నది షికారుకి కాదు, నిఘాకి. ముందు రోజు అక్క ఫోన్ చేసింది.

"తమ్ముడా, మీ బావకి కళ్ళు సరిగ్గా అవుపడటం లేదని నా అనుమానం. మొన్న మూసున్న గేటుకి బండి తీసుకొచ్చి గుద్దాడు. అడిగితే మీద పడతన్నాడు. ఆస్పత్రి అంటే ఇనడు. ఒక రోజు ఆయన ఎనక కూర్చుని చూడు. బాగా నడిపితే సరే. లేకపోతే తాళం తీసుకో. నువ్వయితేనే ఊరుకుంటాడు" అంది.

నేను నరసరావుపేటలో ఒక కాలేజీ గుమాస్తాని. నా పెత్తనమంతా ఫైళ్ళ మీదే. మా బావ దగ్గర బండి తాళం తీసుకోవడమంటే ఆయన కాళ్ళు తీసేసుకోవడమే. పొలానికి, టీ కొట్టుకి, పార్టీ మీటింగుకి, పెళ్ళికి, చావుకి ఆ పాత బండే. నాలుగిళ్ళ అవతలికి పోవాలన్నా కిక్కు కొట్టే మనిషి. పైగా ఆయనకి షుగరొచ్చి పదేళ్ళు దాటింది. ఆ మాట ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళిపోతాడు.

పొద్దున్నే రొంపిచెర్ల దగ్గరున్న వాళ్ళ ఊరికి వెళ్ళి, "బావా, ఎత్తిపోతల జలపాతం చూసి చానా ఏళ్ళయింది, పోయొద్దాం పా" అన్నాను. ఆయన సంబరం చూస్తే నాకే ఏదోలా అయింది.

"హైవే వద్దురా. లారీలతో గోల. డొంకదారులన్నీ నాకు నోటికొచ్చు" అన్నాడు.

అక్క పులిహోర డబ్బా నా చేతికిచ్చి కళ్ళతోనే ఏదో చెప్పబోయింది. నేను మొహం తిప్పుకున్నాను.

శివరాత్రి వెళ్ళిపోయి ఎండలు ముదరాల్సిన రోజులు. ఆ రోజు ఆకాశానికి మాత్రం స్థిమితం లేదు. బయల్దేరేటప్పటికి పొగమంచు. కాలువ కట్ట ఎక్కేసరికి వీపు కాలేంత ఎండ. పది కాకముందే పడమర నుంచి మబ్బు లేచి చల్లగాలి కొట్టింది. బావ నిదానంగా నడుపుతున్నాడు, దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. ఈ చేను ఎవరిది, ఈ బోరు ఎన్ని అడుగులు తవ్వారు, ఈ గట్టు తగాదా ఏ కోర్టులో ఉంది, అన్నీ చెబుతున్నాడు. కళ్ళు లేనివాడు ఇంత చెప్పగలడా అనుకుని నేను తేలికపడ్డాను. నిజం చెప్పాలంటే, ఆయన బాగానే ఉన్నాడని అక్కకి చెప్పాలని నేను ఇంటి దగ్గరే నిర్ణయించుకున్నాను. తాళం అడిగే బాధ తప్పుతుంది కదా.

ఒక ఊరు దాటాక చింతచెట్టు మలుపు వచ్చింది. అక్కడ బావ ఉన్నట్టుండి వేగం తగ్గించి, బండిని రోడ్డు అంచు దాకా తీసుకెళ్ళి మళ్ళీ మధ్యలోకి తెచ్చాడు.

"ఏంది బావా, ఎందుకు తిప్పావు?"

"పెద్ద గుంటరా. పడితే నడుం ఇరుగుద్ది."

వెనక్కి తిరిగి చూశాను. గుంట లేదు. నల్లగా, నున్నగా కొత్త తారు ఉంది.

"దాన్ని పూడ్చేశారు బావా! మీ పార్టీ వాళ్ళు చేసిన ఒక్క పనీ నువ్వే చూడకపోతే ఎట్టా?" అని ఎగతాళి చేశాను. ఎప్పుడూ నాలుగు తిట్టి నవ్వేవాడు, ఆ రోజు గేరు మార్చి ముందుకి పోనిచ్చాడు.

తర్వాత ఊళ్ళో బడి ముందు స్పీడ్ బ్రేకర్ మీద బండి ఎగిరి పడింది. పులిహోర డబ్బా నా ఒళ్ళో నుంచి జారబోయింది.

"చూసి నడపరాదా!" అని కసిరాను.

"కొత్తగా ఏసినట్టున్నారు" అన్నాడు. నిజమే, దాని మీద సున్నం గీతలు కూడా ఇంకా చెరగలేదు. సరే, కొత్తదే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎంత తెలివితక్కువ మనిషినంటే, ఆ గీతలు తెల్లగా మెరుస్తున్నాయన్న సంగతి ఆలోచించలేదు.

గురజాల దాటాక చేల చుట్టూ నాపరాళ్ళు నిలబెట్టిన దారుల్లోకి వచ్చాం. మబ్బు బాగా దిగి, మిట్టమధ్యాహ్నం దీపాలు పెట్టే వేళలా మారింది. అంతలో రోడ్డు పక్కన మిరపకాయల కల్లంలో నుంచి కేకలు.

"అన్నా, పట్టా! పట్టా పట్టుకోండన్నా!"

మా వైపు మిరప కల్లాల కాలంలో చినుకు పడితే ఆ దారిన పోయే ఎవరైనా బండి ఆపి దిగాల్సిందే. చుట్టమా, పరాయా, మన పార్టీనా అని చూడరు. ఏడాది కష్టమంతా నేల మీద ఆరబోసి ఉంటుంది. కేక వినగానే బావ బ్రేకు కొట్టాడు. నేను దిగి చెప్పులు వెతుక్కునేలోపు ఆయన టార్పాలిన్ పట్టా మూల పట్టుకుని పరుగెత్తుతున్నాడు. గాలి ఎటు కొడుతుందో చూసి, ఎటు నుంచి కప్పాలో అరిచి చెబుతూ, అంచుల మీద రాళ్ళు పెట్టించాడు. వాన దంచికొట్టే వేళకి ఎర్రటి కాయంతా పట్టా కిందికి చేరింది. ఆ పది నిమిషాలూ ఆయన్ని చూస్తే నాకు గర్వమేసింది.

అందరం పక్కనున్న రేకుల పంచ కిందికి చేరాం. కల్లం యజమానురాలు మా బావ ఈడు ఆవిడ. తడిసిన కొంగు పిండుకుంటూ మాకు మంచినీళ్ళిచ్చింది. బావ గోడవారగా ఉన్న కుప్ప పక్కన చతికిలబడి, రైతు అలవాటు కొద్దీ గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించాడు. లోపల గింజలు గలగలమన్నాయి.

"బాగా ఎండినయ్యి అమ్మా. రంగు కూడా నెత్తురు లెక్క ఉంది. తాలు ఒక్కటి లేదు. మంచి పంట తీశావు" అన్నాడు.

నేను పకపకా నవ్వాను. ఆయన కూర్చున్నది తాలు కుప్ప దగ్గరే. ఎర్ర కాయలో నుంచి కూలీలు ఏరి పారేసిన తెల్ల కాయ అది. గుప్పిట్లో ఉన్నవన్నీ పాలిపోయిన కాయలే.

ఆవిడ మొహం మాడిపోయింది. "ఏందన్నా, తెగులు తగిలి సగం పంట తాలై మేము ఏడుస్తుంటే ఎగతాళా? సాయం చేసింది ఇందుకా?" అంది.

బావ గుప్పెట విప్పలేదు. మొహం కొంచెం పక్కకి తిప్పి, కంటి కొసతో చేతిలోకి చూసుకున్నాడు. మళ్ళీ ఇటు తిప్పి చూశాడు. నా నవ్వు నోట్లోనే ఆగిపోయింది. నలభై ఏళ్ళు మిరప పండించి, చీకట్లో కూడా తాలు ఏరే మనిషి.

"తప్పయింది అమ్మా. ఎగతాళి కాదు. చీకటిగా ఉంది కదా, సరిగ్గా చూడలా" అన్నాడు, చాలా నెమ్మదిగా.

నవ్వినందుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

వాన తెరిపిచ్చాక మళ్ళీ ఎండ వచ్చింది. బావ బండి సీటు మీద నీళ్ళు తుడిచి, నా వైపు చూడకుండానే తాళం చాపాడు.

"నువ్వు నడుపు. ఎత్తిపోతల యాడికీ పోదు. ఇంటికి పోదాం."

తాళం తీసుకున్నాను. అది అడక్కుండానే నా చేతికి వచ్చింది, అయినా తట్టుకోలేకపోయాను.

"మీ అక్క పంపిందా?"

"ఊఁ."

"అనుకున్నా."

"ఎన్నాళ్ళ నుంచి బావా?"

"కిందటేడు కోతలప్పటి నుంచి. నడిమధ్యలో మసకరా. పక్కకి చూస్తే కొంచెం తెలుస్తది. చెప్తే బండి లాక్కుంటారని చెప్పలా" అన్నాడు. అని వెనక సీటు ఎక్కాడు. ఆయన్ని ఆ సీటు మీద చూడటం అదే మొదటిసారి.

తిరుగుదారిలో మళ్ళీ ముసురు పట్టింది. బావ నోట చేలు, బోర్లు, తగాదాలు అన్నీ ఆగిపోయాయి. రేపు ఆస్పత్రికి పోదాం అన్నాను, రెండుసార్లు.

చింతచెట్టు మలుపు దగ్గర నా భుజం మీద చెయ్యి పడింది.

"గుంట, గుంట! నిదానం. అంచుకి తీసుకో."

పొద్దున నేను చెప్పింది మర్చిపోయాడో, నమ్మలేదో. ఎదురుగా తడిసిన తారు రోడ్డు నున్నగా ఉంది. నేను బ్రేకు వేశాను. బండిని రోడ్డు అంచు దాకా తీసుకెళ్ళి, లేని గుంటని తప్పించి, మళ్ళీ మధ్యలోకి తెచ్చాను.

"చెప్పకపోతే నడుం ఇరిగేది నీకు" అన్నాడు బావ.

"అవును బావా" అన్నాను.