ఇంటి చుట్టూ బోడినేల

మరమగ్గాల నగరం శివారున ఉన్న అమ్రోలిలో వరసగా కట్టిన రేకుల ఇళ్లలో చివరిది భాగీరథిది. ఇంటి వెనుక ఎవరిదో పెద్ద ఖాళీ స్థలం. ఏటా వానలు వెనకబట్టాక కూలీలొచ్చి అక్కడి గడ్డి కోసుకుపోయేవారు. కరోనా వచ్చిన ఏడు వాళ్లంతా ఊళ్లకు వెళ్లిపోవడంతో గడ్డి నడుమెత్తు పెరిగింది. సర్కారు తుమ్మ కంపతో పెనవేసుకుని, మరుసటి ఎండాకాలానికి గలగలలాడేంతగా ఎండింది.

భాగీరథి భర్త అంబదాస్ మరమగ్గాల మీద బతికిన మనిషి. చలికాలంలో కరోనా సోకి, ఆస్పత్రి నుంచి ప్రాణాలతో తిరిగొచ్చాడు గానీ ఊపిరితిత్తులు మునుపటిలా లేవు. మంచం దగ్గర్నుంచి గుమ్మం దాకా నడిస్తే ఆయాసం. పక్కనే ఆక్సిజన్ సిలిండరు. మాటలు కూడా తగ్గిపోయాయి. పెట్టింది తిని, గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఒక మధ్యాహ్నం ఆ స్థలానికి అవతలి కొసన గడ్డి అంటుకుంది. గాలి అటువైపు వీస్తుండబట్టి అక్కడికక్కడే ఆరిపోయింది. భాగీరథి కిటికీలోంచి ఆ పొగను చూసి, వెనక్కి తిరిగి సిలిండరును చూసింది. ఆమె దేన్ని చూస్తోందో అంబదాస్‌కు తెలిసింది.

"మంటొస్తే నువ్వు ఉరుకు. నా కోసం ఆగకు."

భాగీరథి మర్నాడు పొద్దున్నే కొడవలి పట్టుకుని వెనక్కి వెళ్లింది. చిన్నప్పుడు ఊళ్లో వాళ్ల నాయన ఎండలు ముదరకముందే గడ్డివాము చుట్టూ నేలను నున్నగా చెక్కేసేవాడు. అది గుర్తుపెట్టుకుని ఇంటి వెనుక గడ్డి కోసింది, దుబ్బులు పారతో పెకిలించింది, మట్టి తేలేదాకా చెక్కింది. అరచేతులు బొబ్బలెక్కాయి. పక్కింటి హంసాబెన్, అంబదాస్ జబ్బుపడ్డప్పటి నుంచి వాళ్ల గడప తొక్కలేదు. రెండు రోజులు దూరం నుంచి చూసింది. మూడోరోజు మూతికి చీరకొంగు చుట్టుకుని, తన కొడవలితో అవతలి చివర్నుంచి కోయడం మొదలుపెట్టింది. దూరం పాటిస్తూనే ఇద్దరూ గట్టిగా కబుర్లు చెప్పుకున్నారు.

వెనక గోడకు ఆనించి చిందీ మూటలుండేవి. సలాబత్‌పురా బట్టల బజారు నుంచి తెచ్చిన ఆ గుడ్డపీలికలతో భాగీరథి బొంతలు కుట్టి అమ్మేది. వాటిని రోడ్డు అవతలి ఇళ్లలో దాచుకోనిమ్మని అడిగి అక్కడికి మోసేసింది. రేకుల మీద రాలిన ఆకులు ఊడ్చింది. నిప్పురవ్వలు లోపలికి దూరకుండా రేకులకూ గోడకూ మధ్య సందులను మట్టితో మెత్తింది. కిటికీ చెక్కలు బీటలు వారి ఉన్నాయి. వాటిమీద గోనెపట్టాలు కట్టి తడపాలనుకుంది గానీ, తడిస్తే బరువుకు ముడి జారిపోతోంది.

"ఆ ముడి నిలువది. ఇటు తే," అన్నాడు అంబదాస్.

ఆమె తాడూ పట్టాలూ తెచ్చి ఒళ్లో పెట్టింది. ఆయన గోడకు వీపు ఆనించి కూర్చుని, ఆగి ఆగి ఊపిరి పీలుస్తూ ముడులు వేశాడు. అయ్యాక ఇంకో పట్టా ఉందా అని అడిగాడు. లేదు. అయినా ఆమె హంసాబెన్ ఇంట్లో అడిగి మరో రెండు తెచ్చి ఇచ్చింది.

ఏప్రిల్ నెలాఖరున, ఊరంతా రెండో విడత కరోనాతో అల్లాడుతున్నప్పుడు, మళ్లీ గడ్డి అంటుకుంది. ఈసారి గాలి ఇటే. భాగీరథి సిలిండరు మూత బిగించి ముందు దాన్ని రోడ్డు మీదికి చేర్చింది. తర్వాత తనూ హంసాబెనూ చెరోవైపు పట్టుకుని అంబదాస్‌ను కుర్చీతో సహా మోసుకెళ్లి రోడ్డు అవతలి వేపచెట్టు కింద దించారు. ఆయన భాగీరథి చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"జర ఇడువు. పట్టాలు తడిపొస్త."

వదిలాడు.

మంట తుమ్మకంపలో పెటపెటలాడుతూ వచ్చింది. బోడినేల అంచుకొచ్చాక అంటుకోవడానికేమీ దొరక్క అటూ ఇటూ పాకి, కుంగిపోయింది. రవ్వలు మాత్రం ఎగిరి రేకుల మీద పడ్డాయి. తడి గోనెల మీద పడ్డవి చుయ్యిమన్నాయి. ఆమె, హంసాబెన్ బకెట్లతో నీళ్లు పోస్తూనే ఉన్నారు. ఫైరింజన్ వచ్చి మిగతా కంపను ఆర్పేసరికి వెనక గోడ నల్లబడింది, ఇల్లు నిలబడింది.

మసి పట్టిన ముఖంతో భాగీరథి వేపచెట్టు కిందికి వచ్చింది. అంబదాస్ భుజం మీది తువ్వాలతో ఆమె నుదురు తుడిచాడు.

"ఉరుకమంటే ఉరుకకపోతివి."

"ఏడికి పోత? నువ్వు ఈడుంటివి గద."

వెళ్లేటప్పుడు కుర్చీ వద్దన్నాడు. ఆమె భుజం పట్టుకుని నాలుగడుగులకోసారి ఆగుతూ ఇంటిదాకా నడిచాడు. సాయంత్రం హంసాబెన్ చాయ్ తెచ్చి, అలవాటుగా గుమ్మం బయటే ఆగబోయి, లోపలికొచ్చి కూర్చుంది.

వానాకాలం పోయేసరికి సిలిండరు అవసరం తీరింది. మగ్గం శబ్దంలో గంటల తరబడి నిలబడే బలం మాత్రం అంబదాస్‌కు రాలేదు. కూర్చుని కండెలకు నూలు చుట్టే పనికి కుదిరాడు. రోజూ పనికి బయల్దేరేముందు భాగీరథిని పిలిచి, పోయొస్తనని చెప్పి వెళ్తాడు.