గుడ్డ కప్పని పని

కుట్టుమిషన్ కుట్లు వదిలేస్తుంటే మా వీధిలో అందరికీ గుర్తొచ్చేది మిషనక్కే. వాళ్ల నాన్నది మిషన్ల రిపేరు షాపు. సూదీ, దారం అందుకునే కొక్కెమూ సరిగ్గా కలిసేలా కుదిర్చేటప్పుడు ఆయన పైన నల్లగుడ్డ కప్పి, లోపల చేతులు పెట్టి పనిచేసేవాడు. కన్నకూతురు పక్కన నిలబడినా గుడ్డ తీసేవాడు కాదు. ఆయన పోయాక షాపుతో పాటు గుడ్డ కూడా అన్నకే వచ్చింది. ఆమె ఓ పాత మిషన్ ఊడదీసి, సూదులు విరగ్గొట్టుకుంటూ సొంతంగా నేర్చుకుని, అదే షాపులో ఓ మూల బల్ల వేసుకుంది.

నేర్చుకున్నదంతా ఫోన్‌లో వీడియో తీసి అందరికీ పెట్టింది. కుట్టుపని నేర్పే టీచరొకామె దాన్ని క్లాసులో చూపించింది. ఎక్కడో ఉన్న ఒకావిడ ఆ వీడియో కింద ఇలా రాసింది: "అక్కా, కొక్కెం వెనక తెల్లకాగితం ముక్క పెట్టి చూడు. సూది కన్ను స్పష్టంగా కనిపిస్తుంది."

పెట్టి చూసింది. ఇన్నేళ్లూ కళ్లు చిట్లించుకుని చేసిన పని ఇట్టే తేలికైపోయింది. ఉపాయం ఆవిడదేనని చెబుతూ మరో వీడియో పెట్టింది.

అన్నకు తెలిసింది.

"అవన్నీ తీసెయ్. లేదంటే షాపులో అడుగుపెట్టకు."

"ఎందుకు?"

"ఎందుకేంటే? అందరికీ నేర్పేస్తే మన గుమ్మం ఎవరు తొక్కుతారు? నాన్న గుడ్డ ఊరికే కప్పాడా?"

"ఈ కాగితం సంగతి నాన్నకూ తెలీదన్నయ్యా. గుడ్డ కింద పనిచేసే మనిషికి 'ఇలా చేసి చూడు' అని ఎవరు చెప్తారు?"

"నోరు బాగా లేస్తోందే!"

"నీకు కుదరని మిషన్లన్నీ నా బల్ల మీదకే నెట్టినప్పుడు లేవలేదుగా!"

"తీస్తావా, తియ్యవా?"

"తియ్యను."

తన స్క్రూడ్రైవర్లు ఏరి డబ్బాలో వేసుకుంది. నాన్న వాడినదాన్ని మాత్రం, తన చేతికి అలవాటైనదే అయినా, అన్న బల్ల మీదే పెట్టేసింది. పీట తీసుకెళ్లి షాపు మెట్ల పక్కన వేసుకుంది.

మిషన్ మోసుకొస్తున్న దర్జీ ఆగిపోయాడు. "ఇదేంటమ్మా, రోడ్డున పడ్డావ్?"

"ఇక్కడ వెలుతురు బాగుంది బాబాయ్. కూర్చో. ఈసారి పని నువ్వే చెయ్, నేను చెప్తా."

"నాకు వచ్చేస్తే రేపు నీ దగ్గరికి రానేమో!"

"రాకు. ఇంకేదైనా కొత్తది కనిపెడితే మాత్రం వచ్చి చెప్పు."

ఫోన్‌ను డబ్బాకు ఆనించి, కొక్కెం వెనక తెల్లకాగితం పెట్టింది. దర్జీ చక్రం మీద చెయ్యి వేశాడు. ఇంతలో కాగితం మీద నీడ పడింది. వెనక మెట్టు మీద అన్న నిలబడి ఉన్నాడు.

ఆమె తల ఎత్తలేదు. "కాస్త జరుగన్నయ్యా, వెలుతురు ఆగిపోతోంది."